సిరికి మామయ్య రాసేది: స్తంభాల మీద తీగ పాకించకు

సిరి తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, ఫ్లోరిడాలో పాత సముద్ర జంతువుల పార్కు ఒకటి బాగుచేస్తున్నారని, మొక్కల పని నీకిచ్చారని చెప్పింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను, కానీ ఆ తర్వాత ఇక నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నా.

మామూలువి ముందు చెప్పేస్తా. ఉప్పుగాలికి సీ గ్రేప్, సబాల్ పామ్ తట్టుకుంటాయి. కొబ్బరైతే రకం కనుక్కుని పెట్టు, 1970ల్లో లీథల్ యెల్లోయింగ్ తెగులొచ్చి మయామీ వైపు పొడవు కొబ్బరి చెట్లు బోలెడు తలలు రాలి మోళ్ళయిపోయాయి. జంతువులుండే చోట గన్నేరు వద్దు, విషం.

ఇప్పుడు నా భయం విను. మయామీ పక్కన వర్జీనియా కీ అనే దీవి మీద మరీన్ స్టేడియం ఉంది, పడవ పందేలు చూడ్డానికి కట్టింది, అది చూసి రా ముందు. 1963 నాటిది, దాన్ని గీసేనాటికి ఆర్కిటెక్ట్ హిలారియో కాండెలాకి 28 ఏళ్ళు, నీ ఈడే. మడతలేసిన కాగితంలాంటి కప్పు, నీళ్ళవైపు అంచున ఒక్క స్తంభం లేదు. ఇంకో కాండెలా, ఫెలిక్స్, 1958లో మెక్సికోలోని షోచిమిల్కోలో కట్టిన రెస్టారెంటు కప్పయితే మందం 4 సెంటీమీటర్లే, మన ఇడ్లీ కంటే కాస్త ఎక్కువ. ఆ ఆకారమే తర్వాత స్పెయిన్లో వాలెన్సియా ఊరి ఆక్వేరియం ఓషనోగ్రాఫిక్‌లో మళ్ళీ కట్టారు. చూస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ కాంక్రీటు అంత పల్చగా ఉంటే లోపలి ఇనుప ఊచకి ఉప్పు చేరి తుప్పు పట్టడానికి ఎంత దూరం చెప్పు?

నేను కుర్రాడిగా పనిచేసిన పార్కులో కూడా ఓ పూల్ పక్కన అలాంటి గొడుగు కప్పు ఉండేది. స్తంభాల మీద గోధుమరంగు చారలొచ్చాయి, ఆ మరక కనపడకుండా పచ్చగా చెయ్యమన్నారు, నేను క్రీపింగ్ ఫిగ్ పాకించా. రెండేళ్ళలో స్తంభాలన్నీ ఆకులే, వచ్చినవాళ్ళంతా అక్కడే ఫోటోలు దిగేవాళ్ళు, నాకు గర్వం. రోజూ స్ప్రింక్లర్ నీళ్ళు వాటి మీదే, అదీ ఉప్పు తగిలే బోరు నీళ్ళు. ఒక పొద్దున తీగ కత్తిరిస్తూ లాగితే పళ్ళెమంత పెచ్చు తీగతోపాటే ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. లోపల ఊచ ఉబ్బిపోయి తుప్పు పూతరేకు పొరల్లా విడిపోతోంది. ఇంకో అరగంటలో స్కూలు పిల్లలు వచ్చి అక్కడే కూర్చునేవాళ్ళు. సుత్తితో కొట్టి చూస్తే మూడు స్తంభాలు డొల్లగా మోగాయి. కాకినాడలో మన వసారా స్లాబు పెచ్చులూడుతుంటే అమ్మమ్మ నా మంచం పక్కకి జరిపించేది, అది చూసి పెరిగిన నాకు ఆ చారలేంటో తెలియాలి కదా. తెలిసే మూసేశాను తల్లీ, అదే ఇప్పటికీ బాధ.

కాబట్టి నువ్వు మొక్కకీ కాంక్రీటుకీ మధ్య మనిషి నడిచేంత సందు వదులు, మొక్కలకిచ్చే నీళ్ళు గోడ మీద పడనివ్వకు. ఎవరైనా మరక కప్పెయ్యమంటే ముందు ఇంజినీరుని పిలవమను, అరిచినా సరే. నువ్వు చిన్నప్పట్నించీ ఎవరికీ ఎదురు చెప్పవు, నాకు అదే దిగులు.

సైట్‌కి వెళ్ళిన మొదటి రోజే చిన్న సుత్తి తీసుకెళ్ళు, హెల్మెట్ పెట్టుకుని ప్రతి స్తంభం కొట్టి చూడు, ఏది డొల్లగా మోగిందో సాయంత్రం ఫోన్లో నాకు చెప్పు. ఎంత లేటైనా పర్లేదు, మెలకువగానే ఉంటా.

మీ మామయ్య