ఆ కథ చదివినప్పటి నుంచి నాలుగింటికే మెలకువ.. ఇది జబ్బేనా డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. చిత్తూరులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. చిన్నప్పటి నుంచి కథలు చదివే అలవాటు. ఈ మధ్య ఒక ఫ్రెండ్ కథల పుస్తకం ఇచ్చాడు. మొత్తం 11 కథలు. అన్నీ చావులు, మోసాలు, హత్యలే. ఆరు కథలు గబగబా చదివేశాను. ఏడో కథ దగ్గర ఆగిపోయాను. అందులో ఒక ముసలాయన ఆస్పత్రి వరండాలో దిక్కులేకుండా చనిపోతాడు. ఆ సమయానికి కొడుకు బయట టీ తాగుతుంటాడు. రెండేళ్ల కిందట తిరుపతిలో మా నాయన పోయినప్పుడు నేనూ టీ తాగుదామని కిందికి దిగాను. అమ్మ పక్కనే ఉంది. పైకి వచ్చేసరికి అంతా అయిపోయింది. మూడు వారాలుగా తెల్లవారుజామున నాలుగింటికి గుండె దడతో, చెమటలతో లేస్తున్నాను. కలలో అదే వరండా. మా అత్తగారు ఆందోళన తగ్గడానికి వాడే ఆల్ప్రజోలం మాత్ర సగం విరిచి నాలుగైదు సార్లు వేసుకున్నాను. కథ చదివినంత మాత్రాన ఇలా అవుతుందా? ఇదేమైనా మానసిక జబ్బా? మిగిలిన నాలుగు కథలు చదవొచ్చా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అవుతుందండీ. కథ అబద్ధమని మనకు తెలుసు, ఒంటికి తెలియదు. కళ్ల ముందు జరిగినంత గట్టిగా ఊహించుకున్నప్పుడు మెదడులో భయాన్ని పసిగట్టే భాగం నిజమా కల్పనా అని ఆరా తీస్తూ కూర్చోదు. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రి గడిచేకొద్దీ పొడవవుతుంది. పడుకున్న గంటకు కాకుండా నాలుగింటికి మీరు ఉలిక్కిపడి లేవడానికి అదొక కారణం.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే విషయం. హత్యలున్న కథలు మిమ్మల్ని ఏమీ చేయలేదు. నెత్తురు చుక్క కూడా లేని కథ పడుకోనివ్వడం లేదు. అంటే పుస్తకం మీకు కొత్తగా భయం నేర్పలేదు. రెండేళ్లుగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్న టీ గ్లాసును తెచ్చి మీ ముందు పెట్టింది, అంతే.

ఇంకో మాట. 'అమ్మ పక్కనే ఉంది' అని రాసి, మీరే దాన్ని దాటేసి ముందుకు వెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయాను. కథలో ముసలాయన ఒంటరిగా పోయాడు. మీ నాయన ఒంటరిగా పోలేదు. మీ కలలో ఈ రెండు చావులూ కలిసిపోయాయి. కథలోని వరండా, మీ నాయన ముఖం. మీరు నాలుగింటికి లేచి బాధపడుతున్నది మీ ఇంట్లో జరగని చావు గురించి.

ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను చాలాసార్లు చూశాను. రాత్రంతా మంచం పక్కన కూర్చున్న కొడుకు మందుల చీటీ పట్టుకుని వెళ్లిన పది నిమిషాల్లోనే తండ్రి పోతాడు. ఆ ఘడియ మన చేతిలో ఉండదు. అక్కడే ఉండి ఉంటే బతికేవారా అని మీకు మీరే వేసుకుంటున్న ప్రశ్నకు, వైద్యపరంగా నాకు తెలిసిన జవాబు దాదాపు ఎప్పుడూ 'లేదు' అనే.

మన చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు కదా, రోజుల తరబడి మహాభారత కథ చెప్పి, నాటకాలు ఆడతారు, మీరూ చూసే ఉంటారు. అంతకంటే చీకటి కథ ఏముంది? అభిమన్యుడు పోతాడు, ఉపపాండవులు పోతారు, చివరి రోజు మట్టితో చేసిన అంత పెద్ద దుర్యోధనుడి తొడ విరగ్గొడతారు. పిల్లలు కూడా చూస్తారు, ఎవరికీ నిద్ర చెడదు. ఎందుకంటే పక్కన ఊరంతా ఉంటుంది. ఏడవాల్సిన చోట అందరూ ఏడుస్తారు, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు, ఇంటికి వెళ్లి అన్నం తింటారు. మీరేమో రాత్రి పూట, ఒంటరిగా, బహుశా ఇంట్లో అందరూ పడుకున్నాక చదివారు. పుస్తకం మూశాక ఎవరితోనూ మాట్లాడి ఉండరు.

ఇక మాత్ర సంగతి. అది మానేయండి. వేరేవాళ్లకు రాసిన ఆల్ప్రజోలం మీది కాదు. ఆ పూటకు నిద్ర వచ్చినా దాని ప్రభావం తగ్గగానే ఆందోళన మళ్లీ తిరగబడుతుంది, త్వరగా అలవాటు పడుతుంది. మీరు వేసుకున్నది నాలుగైదు సార్లే కాబట్టి ఆపేస్తే ఇబ్బంది ఉండదు. మీ అత్తగారు మాత్రం మీ ఉత్తరం సంగతి తెలిసి భయపడి తన మాత్ర ఉన్నట్టుండి మానకూడదు. రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. ఆవిడ డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. సాయంత్రం షాపులో కాఫీ, టీ తాగుతుంటే మధ్యాహ్నంతోనే ఆపండి. ఆరింటికి తాగిన కాఫీలో కెఫీన్ సగం వరకు పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

కలకు ఒక మంచి పద్ధతి ఉంది. పగటిపూట, షాపులో బేరం లేనప్పుడు, ఆ కలను కాగితం మీద రాయండి. ముగింపు మాత్రం మార్చి రాయండి. వరండాలో మీ అమ్మను కూర్చోబెట్టండి, నాయన చెయ్యి ఆమె చేతిలో పెట్టండి. అసలు జరిగింది దాదాపు అదే కదా! ఈ కొత్త ముగింపును రోజూ ఓ పది, పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి. పీడకలలకు మేము వాడే చికిత్సే ఇది. కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

జబ్బా అని అడిగారు. షాపు నడుపుతున్నారు, అన్నం తింటున్నారు, రెండేళ్లుగా మామూలుగానే ఉన్నారనుకుంటే ఇది దాచుకున్న దుఃఖం. కానీ ఉత్తరం చూసి అంతా తేల్చేయడం కుదరదు. ఏ పని మీదా మనసు లేకపోవడం, దిగులు, ఆకలి తగ్గడం రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ఇంకో ప్రశ్న సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వచ్చి ఉంటే ఈ జవాబు పూర్తిగా చదివే దాకా కూడా ఆగొద్దు. ఇంట్లో వాళ్లకు చెప్పి, వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది.

43 ఏళ్ల మనిషికి దడ, చెమటలు అంటే కథ మీదే నెట్టేయడం నాకు ఇష్టం లేదు. ఒకసారి బీపీ, షుగర్, థైరాయిడ్, ఈసీజీ చూపించుకోండి. నడిచేటప్పుడు గుండె పట్టేసినట్టు ఉన్నా, ఆయాసం వచ్చినా ఈ రోజే వెళ్లండి.

మిగతా నాలుగు కథలు చదవండి. పగలు, రోజుకు ఒకటి మించకుండా. నచ్చని చోట పుస్తకం మూసేయొచ్చు, రాసినవాళ్లు ఏమీ అనుకోరు. కానీ ఎనిమిదో కథ తెరిచే ముందు ఒక సాయంత్రం మీ అమ్మగారి దగ్గర కూర్చుని, ఆ టీ తాగే కాసేపట్లో లోపల ఏం జరిగిందో అడగండి. ఆవిడ చూశారు. మీరు ఇప్పటిదాకా అడగలేదని నా అనుమానం.