సూది వేసే ముందు స్ట్రిప్ చూడు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నీ పళ్ల క్లినిక్‌లో కుర్చీ బిగించేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, చాలా సంతోషం. ఇకనుంచి రోజూ లిగ్నోకైన్, అడ్రినలిన్ కలిసిన మత్తు ఇంజెక్షన్‌తోనే నీ పని కాబట్టి ఒక్క విషయం రాస్తున్నాను.

"బీపీ ఉందా?" అని అడిగి వదిలెయ్యకు. ఏం మందులు వాడుతున్నారో అడుగు, స్ట్రిప్ తీయించి చూడు. ఆ అడ్రినలిన్‌తో పేచీ పెట్టేది ప్రొప్రానొలాల్ అనే బీపీ ట్యాబ్లెట్. దాన్ని మైగ్రేన్‌కి, చేతుల వణుకుకి, థైరాయిడ్ ఎక్కువైతే వచ్చే గుండెదడకి కూడా రాస్తారు. వాళ్లంతా "బీపీ లేదండీ" అనే అంటారు, అందులో అబద్ధమేమీ లేదు. పర్సులోంచి తీసే స్ట్రిప్‌కి పేరున్న వైపే చిరిగిపోయి ఉంటుంది చాలాసార్లు. అప్పుడు ఇంటికి ఫోన్ చేయించి చీటీ చదివించుకో.

అడ్రినలిన్ ఆల్ఫా రిసెప్టర్ల (కణాల మీద మందు పట్టుకునే చోట్ల) ద్వారా రక్తనాళాలను బిగిస్తుంది, బీటా-2 ద్వారా కండరాల్లోని నాళాలను వదులు చేస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి కాబట్టే మామూలుగా బీపీ పెద్దగా మారదు, బీటా-1 వల్ల కాస్త దడ వస్తుందంతే. ప్రొప్రానొలాల్ రెండు బీటాలనీ అడ్డుకుంటుంది. ఇక నాళాలు బిగుసుకోవడమే తప్ప వదులయ్యేది ఉండదు. బీపీ ఒక్కసారిగా లేస్తుంది, దానికి స్పందించి గుండె నెమ్మదిస్తుంది. టెన్షన్‌తో బీపీ పెరిగినవాళ్లకి పల్స్ కూడా పరిగెడుతుంది. బీపీ పెరుగుతూ పల్స్ పడిపోతోందంటే మాత్రం దీన్నే అనుమానించు.

అదే కోవకి చెందిన అటెనొలాల్, మెటొప్రొలాల్ ముఖ్యంగా బీటా-1 మీదే పనిచేస్తాయి, మామూలు మోతాదులో ఇంత గొడవ ఉండదు. అమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటి వేరే రకం బీపీ మందులతో ఈ పేచీ లేదు.

1:80,000 అని రాసి ఉండే మత్తు మందులో మిల్లీలీటరుకి 12.5 మైక్రోగ్రాముల అడ్రినలిన్ ఉంటుంది. ప్రొప్రానొలాల్ వాడేవాళ్లకి మొత్తం 40 మైక్రోగ్రాములు దాటకూడదని చదువుకున్నావు కదా, అంటే మూడు మి.లీ. కడపటి హద్దు. నువ్వు ఒక్క మి.లీ.తో మొదలుపెట్టు. పిస్టన్ వెనక్కి లాగి చూడు, రక్తం కనిపిస్తే సూది జరుపు. నెమ్మదిగా ఎక్కించి, ఐదు నిమిషాలాగి బీపీ, పల్స్ చూశాకే మిగతాది. బయట ఎంతమంది కూర్చుని ఉన్నా ఆ ఐదు నిమిషాలూ తగ్గించకు. క్రౌన్ (పంటి తొడుగు) కొలత తీసేటప్పుడు చిగురు పక్కన పెట్టే దారం, అదే అడ్రినలిన్ పట్టించిన కార్డ్, వీళ్లకి అసలు వద్దు.

"రెండు రోజులు ట్యాబ్లెట్ ఆపి రండి" అని ఎప్పుడూ అనకు. గుండెజబ్బు ఉన్నవాళ్లు హఠాత్తుగా ఆపితే ఛాతీనొప్పి, గుండెపోటు దాకా పోవచ్చు. ఆ నిర్ణయం మందు రాసిన డాక్టరుది.

ఎలర్జీ ముదిరి ఒంటినిండా దద్దుర్లు, గొంతు వాపు, ఊపిరాడకపోవడం కనిపిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇచ్చెయ్యి, తటపటాయించకు. ప్రొప్రానొలాల్ వాడేవాళ్లలో అది సరిగా పనిచేయకపోవచ్చు, అప్పుడు గ్లూకగాన్ అనే ఇంజెక్షన్ కావాలి. మన క్లినిక్కుల్లో అది ఉండదు. కాబట్టి 108కి ఫోన్ చేసినప్పుడే ఆ ట్యాబ్లెట్ పేరు చెప్పాలి. కేసు షీటు మీద ఎర్ర ఇంకుతో ముందే రాసిపెట్టుకో.

మీ పెదనాన్న