కళ్లు వాచి, డిప్ప మెత్తబడిన తాబేలు

అన్నా, మీ ఎర్రచెవి తాబేలుకు కళ్లు వాచాయి, డిప్ప అంచు నొక్కితే మెత్తగా ఉంది, కిటికీ పక్కనే తొట్టి పెట్టాను కదా అన్నారు. ఎండలో ఉండే యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) కిటికీ అద్దం గుండా దాదాపు రాదు. అది లేకపోతే విటమిన్ డి3 తయారుకాదు, తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, అందుకే డిప్ప మెత్తబడుతుంది. పొద్దున 8 గంటల ఎండలో టబ్బులో కాసేపు ఉంచండి, సగం నీడ ఉండాలి. మన హనుమకొండ మే నెల మధ్యాహ్నపు ఎండలో పెడితే మాత్రం ఉడికిపోతుంది! వానాకాలానికి యూవీబీ బల్బు, ఎక్కి ఆరడానికి ఓ రాయి పెట్టండి.

ఎండు రొయ్యలొక్కటే పెడితే విటమిన్ ఎ తగ్గి కళ్లు వాస్తాయి. పెల్లెట్లు (తాబేళ్ల గుళికల మేత), క్యారెట్ తురుము అలవాటు చేయండి. మురికి నీళ్లు కూడా కారణమే, ముందు అవి మార్చండి. విసుగొచ్చి వడ్డేపల్లి చెరువులో మాత్రం వదిలేయకండి, ఇక్కడి మన తాబేళ్లకు అది పోటీ. కళ్లు అసలు తెరవకపోతే సొంత వైద్యం వద్దు, పశువుల డాక్టరుకు చూపించండి.