కొట్టేసిన చోటే పోతున్న మార్కులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. త్రికోణమితి సమీకరణాల్లో ఎప్పుడూ సగం మార్కులే. ఇంజినీరింగ్‌కు పనికిరాదేమోనని భయం. ఎంఈసీకి (గణితం, ఎకనామిక్స్, కామర్స్) మార్చాలా, ఎప్‌సెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) షార్ట్‌కట్ బ్యాచ్‌లో చేర్చాలా?

జవాబు: క్వార్టర్లీ మార్కులు రాగానే వచ్చే ప్రశ్నే ఇది. ఎంఈసీలోనూ ఇదే గణితం, ఇదే అధ్యాయం ఉంటాయి. ఆ సంగతి కనుక్కోకుండానే గ్రూపు మార్చేద్దామనుకున్నారా?

సగం మార్కులు వస్తున్నాయంటే అమ్మాయికి దారి తెలుసు. సైన్ 2ఎక్స్ = కాస్ ఎక్స్ లెక్క ఇచ్చి, 0° నుంచి 360° లోపు జవాబులు రాయమనండి. ఎడమవైపు 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ అని రాసి, రెండువైపులా కాస్ ఎక్స్ కొట్టేసిందా? అయితే 30°, 150° మాత్రమే వస్తాయి. కాస్ ఎక్స్ సున్నా అయ్యే 90°, 270° ఆ గీతతోనే పోయాయి. కొట్టేయకుండా అంతా ఎడమవైపుకు తెచ్చి, ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తీయాలి: కాస్ ఎక్స్ (2 సైన్ ఎక్స్ − 1) = 0. నాలుగూ దొరుకుతాయి.

ఇంకో తప్పు మరీ మాయదారిది. 2 సైన్²ఎక్స్ − సైన్ ఎక్స్ = 1 ను సైన్ ఎక్స్ (2 సైన్ ఎక్స్ − 1) = 1 అని విడగొట్టి, రెండింటినీ 1కి సమానం చేస్తారు. 90° వస్తుంది, అది సరైనదే కూడా! అందుకే తప్పు చేశామన్న అనుమానమే రాదు. కుడివైపు సున్నా ఉంటేనే విడగొట్టాలి: (2 సైన్ ఎక్స్ + 1)(సైన్ ఎక్స్ − 1) = 0. అప్పుడు 210°, 330° కూడా బయటపడతాయి.

వర్గం చేస్తే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది, లేని జవాబులు చేరతాయి. సైన్ ఎక్స్ + కాస్ ఎక్స్ = 1 ను వర్గం చేస్తే 180°, 270° దొంగతనంగా దూరతాయి; సమీకరణంలో వేసి చూసి తీసేయాలి.

షార్ట్‌కట్ బ్యాచ్‌ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితమే కాబట్టి వేగం కావాలి, కాదనను. కానీ వాళ్లు ముందు నేర్పేది ఆప్షన్లను సమీకరణంలో వేసి చూడటం. ‘ఎన్ని సాధనలున్నాయి’ అని అడిగితే ఆప్షన్లు 2, 3, 4, 5. ఏం వేసి చూస్తుంది? పైగా కొట్టేసే అలవాటు ఉన్న పిల్లకు వేగం నేర్పితే, అదే తప్పు ఇంకా త్వరగా చేస్తుంది.

ర్యాంకు లెక్కలు ఆపి, ఒక్కసారి నోట్‌బుక్ తెరవండి. తప్పుపోయిన ఇరవై లెక్కల పక్కన కొట్టేసిందా, సున్నా లేకుండా విడగొట్టిందా, వర్గం చేసి సరిచూడలేదా అని ఆమె చేతే రాయించండి. సైన్ 2ఎక్స్ సూత్రమే గుర్తు రావట్లేదంటే లోపం ఈ అధ్యాయంలో లేదు, ముందున్న గుణిజ కోణాల్లో ఉంది. అక్కడి నుంచి మళ్లీ చేయించండి, ఎంపీసీలోనే.