వారంటీ క్యాప్‌కే, పన్నుకు కాదు

ప్రశ్న: నా వయసు 52. మూడేళ్ల కిందట కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి జిర్కోనియా (తెల్లటి గట్టి పింగాణీ లాంటిది) క్యాప్ వేశారు. 15 ఏళ్ల వారంటీ కార్డు కూడా ఇచ్చారు. ఈమధ్య అక్కడ తిండి ఇరుక్కుంటోంది, వాసన వస్తోంది. నొప్పి మాత్రం లేదు. కొన్నాళ్లు ఆగొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆగకండి. క్యాప్ పగిలితేనో, పెచ్చు లేస్తేనో ఆ కార్డు పనికొస్తుంది. లోపలి పన్ను పుచ్చితే సాధారణంగా వర్తించదు. జిర్కోనియాకు పుప్పి రాదమ్మా, వచ్చేది క్యాప్ అంచు చిగురును కలిసే చోట ఉన్న మీ అసలు పన్నుకి. పైగా రూట్ కెనాల్‌లో నరం తీసేశారు కాబట్టి ఎంత పుచ్చినా జివ్వుమనదు. నొప్పి లేదని ధీమాగా ఉండేవాళ్లే ఎక్కువగా పన్ను పోగొట్టుకుంటారు.

తిండి ఇరుక్కుంటోందంటే పక్క పన్నుతో ఆనిక వదులై ఉండొచ్చు, లేదా అంచు దగ్గర పుచ్చి ఉండొచ్చు. డాక్టర్ ముందు పళ్ల సందుల్లో ఫ్లాస్ (సన్నటి దారం) దించి చూస్తారు. అది కాస్త బిగువుగా, టక్కుమని దిగాలి. ఊరికే జారిపోతే సందు పడినట్టే. తర్వాత సన్నటి ప్రోబ్‌తో అంచు చుట్టూ తడిమి, ఎక్స్‌రే తీస్తారు. క్యాప్ కింద ఏముందో ఎక్స్‌రేలో కనిపించదు, తెల్లగా కప్పేస్తుంది. పక్క అంచుల దగ్గరి పుప్పి మాత్రం దొరుకుతుంది. పుప్పి లోపలికి పాకితే క్యాప్ కోసి తీసి, పన్ను శుభ్రం చేసి కొత్తది వేయాలి. అందుకు చిగురు పైన చుట్టూ దాదాపు 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉండాలి. నెలల తరబడి ఆగితే కరిగిపోయేది సరిగ్గా ఆ భాగమే.

మామూలుగా క్యాప్ 10–15 ఏళ్లు వస్తుంది, అంచు శుభ్రంగా ఉంచుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువే. రోజూ రెండుసార్లు, రాత్రి పడుకునే ముందు తప్పకుండా, బ్రష్ కుచ్చును చిగురు వైపు వంచి మెల్లగా తోమండి. పేస్టు ట్యూబ్ మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం అని ఉందేమో చూడండి, కొన్ని మూలికల పేస్టుల్లో అసలుండదు. సందుల్లోకి బలవంతం లేకుండా దూరే సైజు ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడండి. పిన్నీసు, అగ్గిపుల్ల మాత్రం వద్దు.

ప్రశ్న: భోజనం చేస్తుంటే క్యాప్ ఊడి చేతికొచ్చింది. ఫెవిక్విక్‌తో అతికించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండి. తడి తగలగానే గట్టిపడుతుంది. క్యాప్ వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చున్నా కొరికినప్పుడల్లా దెబ్బ ఆ పన్ను మీదే పడుతుంది, మళ్లీ తీయాలంటే క్యాప్ కోయాల్సిందే. గిన్నె మీద పట్టుకుని నీళ్లతో కడగండి, సింకులో జారితే గల్లంతే. లోపల చూడండి. సిమెంటు మాత్రమే ఉంటే చాలాసార్లు అదే క్యాప్‌ని మళ్లీ అతికిస్తారు. పన్ను ముక్క కూడా ఊడి వచ్చి ఉంటే పన్ను విరిగిందన్నమాట, కథ వేరు. చిన్న డబ్బాలో పెట్టుకుని రెండు మూడు రోజుల్లో వెళ్లండి. వారాలు గడిస్తే పక్క పన్ను ఒరుగుతుంది, ఎదురు పన్ను దిగుతుంది, పాత క్యాప్ ఇక కూర్చోదు. వదులు క్యాప్ నోట్లో పెట్టుకుని నిద్రపోకండి, ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది.

ఎందుకు ఊడిందో కూడా అడగండి. పన్ను పొట్టిగా ఉన్నా, అంచు దగ్గర సిమెంటు కొట్టుకుపోయినా, నిద్రలో పళ్లు కొరికినా ఊడుతుంది. చివరిదైతే నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) వేసుకోకుండా మళ్లీ అతికించి లాభం లేదు.

ప్రశ్న: ముందు పంటి క్యాప్ పైన నల్లగీత వచ్చింది. పుప్పా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: చాలావరకు కాదు. మెటల్ మీద పింగాణీ పూసిన క్యాప్ అయితే, చిగురు పైకి జరిగినప్పుడు లోపలి మెటల్ అంచు అలా బయటపడుతుంది. ప్రోబ్ పెట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది. దాన్ని పోగొట్టాలని పళ్లపొడి, బొగ్గుతో రుద్దితే చిగురు ఇంకా జరిగి గీత పెద్దదవుతుంది. పుప్పి లేదని తేలితే మార్చాల్సిన తొందరేమీ లేదు.