హెల్త్ కెరీర్స్ చార్టర్ హైస్కూల్లో అమ్మాయిని చేర్చవచ్చా?

కాలిఫోర్నియాలో ఉంటున్నాం, మా అమ్మాయి ఎనిమిదో తరగతి, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది, డాక్టర్ అవుతానంటోంది, వైద్య రంగ ఉద్యోగాలకు తయారుచేసే హెల్త్ కెరీర్స్ చార్టర్ హైస్కూల్లో వేయొచ్చా అని ఒకరు అడిగారు.

చేరడానికి వీసా అడ్డు కాదు. చార్టర్ అంటే ప్రభుత్వ డబ్బుతో నడిచే పబ్లిక్ స్కూలే, ఫీజు ఉండదు, మార్కులు చూసి సీటివ్వరు. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. హ్యూస్టన్‌లో 1972 నుంచి ఉన్న డిబేకీ హైస్కూలు పేరు కూడా వింటుంటారు, కానీ అది చార్టర్ కాదు. స్కూల్ డిస్ట్రిక్ట్ నడిపే మాగ్నెట్ స్కూలు, అంటే ఒక ప్రత్యేక రంగం మీద దృష్టి పెట్టేది, అక్కడ మార్కులు చూస్తారు.

ఇలాంటి స్కూళ్లలో ఎక్కువగా ఇప్పించే సర్టిఫికెట్ సీఎన్ఏ, అంటే నర్సింగ్ అసిస్టెంట్‌ది. అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ చాలు. కాలిఫోర్నియాలో మాత్రం క్లాసులో 60, పేషెంట్ల దగ్గర 100 గంటలు కావాలి, పైగా 16 ఏళ్లు నిండాలి. స్కిల్స్ పరీక్షలో పిల్లలు తప్పేది కష్టమైన చోట కాదండి. చేతులు కడుక్కుని మళ్లీ సింక్ అంచుకు తాకించడం, మంచం చక్రాలకు లాక్ వేయకుండా పేషెంటును లేపడం, పేషెంటు నర్సును పిలిచే బటన్ (కాల్ లైట్) అందని చోట వదిలేసి రావడం. ఇలాంటివాటికే ఫెయిలవుతారు.

పేషెంట్ల దగ్గర శిక్షణకు (క్లినికల్‌కి) ముందు టీబీ పరీక్ష అడుగుతారు. ఇండియాలో పుట్టిన పిల్లలకు బీసీజీ (టీబీ టీకా) వేసి ఉంటుంది కాబట్టి చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. అప్పుడు ఎక్స్‌రే, డాక్టర్ లెటర్ అంటూ వారాలు పోతాయి. మొదటే ఇగ్రా రక్తపరీక్ష చేయించండి, బీసీజీ ప్రభావం దాని మీద పడదు. హెపటైటిస్ బి మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది, కాబట్టి టీకాల కాగితాలు పదో తరగతిలోనే సరిచూసుకోండి.

అసలు చిక్కు ఆ తర్వాత. హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతానికి పనిచేయకూడదు. సీఎన్ఏ అయ్యాక వరుసగా 24 నెలలు జీతం తీసుకుని నర్సింగ్ పని చేయకపోతే మళ్లీ శిక్షణ లేదా పరీక్ష రాయాలి. అంటే కాలేజీకి వెళ్లేలోపే అది చెల్లకపోవచ్చు. నేర్చుకున్నది ఎటూ పోదు గానీ, ఉద్యోగం కోసమే అయితే ఆలోచించండి. జీతమిచ్చే ఇంటర్న్‌షిప్‌లకూ ఇదే వర్తిస్తుంది.

మెడికల్ కాలేజీ వాళ్లకు సీఎన్ఏ ఒక అదనం మాత్రమే. స్కూలు చిన్నదైతే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కెమిస్ట్రీ, కాల్‌క్యులస్ ఉండకపోవచ్చు. కోర్సుల జాబితా అడిగి చూడండి. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద, అంటే హైస్కూల్లో ఉండగానే, కాలేజీ కోర్సు తీసుకుంటే ఆ గ్రేడు కూడా తర్వాత మెడిసిన్ దరఖాస్తులో, అంటే ఆమ్‌కాస్‌లో, చూపించాల్సిందే. పదో తరగతిలో ఆ కోర్సుకు తెచ్చుకున్న సీ గ్రేడు అక్కడా కనిపిస్తుంది. క్రెడిట్ ఊరికే వస్తోంది కదా అని అనాటమీ తొందరపడి తీసుకోనివ్వకండి.