మున్నార్ దారిలో చీయప్పార జలపాతం: పది నిమిషాలు ఆగితే ఫోటోలు వస్తాయా?

ఆగస్టులో కుటుంబంతో మున్నార్ వెళ్తున్నారు, డ్రైవరేమో చీయప్పార దగ్గర పది నిమిషాలే ఆపుతానంటున్నాడు, ఫోన్ సరిపోతుందా లేక కెమెరా మోసుకెళ్లాలా అని కదా మీరడిగింది. ఫోన్ సరిపోతుంది, పది నిమిషాలే సరిపోవు. నలభై నిమిషాలు కావాలని బండి మాట్లాడుకునేటప్పుడే చెప్పేయండి, అక్కడికెళ్లాక బతిమాలితే వినరు.

మేం శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఆలువాలో దిగి కారులో వెళ్లాం. నేర్యమంగళం దగ్గర 1935లో కట్టిన వంతెన దాటాక ఘాట్ మొదలవుతుంది, అడిమాలి ఇంకా రాకముందే రోడ్డు పక్కనే ఈ జలపాతం. దాదాపు వెయ్యి అడుగుల ఎత్తు నుంచి ఏడు అంచెలుగా దిగుతుందంటారు. మన కుంతాలకైతే వందల మెట్లు దిగి, మళ్లీ ఆయాసపడుతూ ఎక్కాలి కదా, ఇక్కడ కారు తలుపు తీస్తే చాలు, తుంపర మొహం మీద పడుతుంది. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆవిడ కూడా హాయిగా చూసింది.

నా పొరపాటు చెప్తాను. ఏసీ కారులో చల్లబడిన కెమెరాని దిగగానే బయటికి తీశాను, లెన్స్ నిండా ఆవిరి పట్టేసింది, తుడిచినకొద్దీ మళ్లీ పడుతోంది, పావుగంట అక్కడే పోయింది. వంతెన దాటగానే ఏసీ ఆపి అద్దాలు దించేయండి. ఫోన్‌కైనా అంతే. మెత్తటి గుడ్డలు రెండు పెట్టుకోండి, ఒకటి ఐదు నిమిషాల్లో తడిసిపోతుంది.

కొండ మొత్తాన్ని ఒక్క ఫోటోలో పట్టాలని చూడకండి. కింద నిలబడి వైడ్‌లో తీస్తే వెయ్యి అడుగులది కాస్తా మన కాలనీ నీళ్ల ట్యాంకు లీకైనట్టు వస్తుంది (నా దగ్గర అలాంటివి ముప్పై ఉన్నాయి). ఫోన్ నిలువుగా పట్టుకుని, జూమ్ చేసి, రెండు మూడు అంచెలే తీసుకోండి, కింద ఒక మూల మనిషి ఉంటే ఎత్తు తెలుస్తుంది. తెల్లటి నీళ్లు సున్నం కొట్టినట్టు రాకుండా ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు) కొంచెం తగ్గించండి. మబ్బు పట్టిన రోజైతే అదృష్టమే, ఎండలో నీళ్ల మెరుపు, రాళ్ల నలుపు రెండూ కుదరవు.

నీళ్లు పాలధారలా రావాలంటే కెమెరా షట్టర్ పావు సెకను నుంచి సెకను దాకా తెరిచి ఉండాలి, పగటి వెలుగులో దానికి ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, వెలుగు తగ్గించే నల్లద్దం) కావాలి. నేను కోఠిలో కొనుక్కుని వెళ్లాను, ట్రైపాడ్ రోడ్డంచున పెడితే బస్సు వెళ్లినప్పుడల్లా కెమెరా ఊగి ఫోటో మసకగా వచ్చింది. ఐఫోన్ ఉంటే లైవ్ ఫోటో తీసి లాంగ్ ఎక్స్‌పోజర్‌కి మార్చుకోండి, పిల్లలతో వెళ్లేవాళ్లకి అది చాలు.

ఒక్కటి మాత్రం సీరియస్‌గా. 2013 ఆగస్టులో సరిగ్గా అక్కడే కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. వాన గట్టిగా పడుతుంటే ఫోటో సంగతి వదిలేసి కదిలిపోండి. రాళ్లెక్కడం, సెల్ఫీ కోసం రోడ్డు మధ్యకి వెనక్కి నడవడం వద్దు, మలుపులో బస్సులు ఆగవు. కోతులున్నాయి, మా చేగోడీల ప్యాకెట్ కారులోంచే పట్టుకుపోయాయి.

అక్కడ జనం ఎక్కువుంటే టెన్షన్ పడకండి, కాస్త ముందుకెళ్తే వాలర జలపాతం రోడ్డు మీద నుంచే దూరంగా కనిపిస్తుంది. నాకు మంచి ఫోటో వచ్చింది నిజానికి అక్కడే.